చేదు తీసిన మనుషులు

తలుపు నమోదు 611
తెరిచిన కారణం: పచ్చ మనిషిని తడిగదిలో పెట్టడానికి

బైరాగి ఎడమ మోచెయ్యి విరగ్గొట్టింది నేనే. తలుపు తెరిచిన ప్రతిసారీ ఏం జరిగిందో తలుపు పెద్ద ఉన్నదున్నట్టు రాయాలని ఈ ఊరి నియమం. ఆ తలుపు పెద్దను నేనే, మైలపల్లి నూకరత్నాన్ని. అందుకని రాస్తున్నాను.

అతను ఊరికీ సముద్రానికీ మధ్యనుండే తడిగది గడప కమ్మీ పట్టుకుని వదల్లేదు. నలుగురు మగాళ్లు కాళ్లు పట్టి లాగారు, నడుం పట్టి లాగారు, లాభం లేకపోయింది. సముద్రపు నేల మీద లోహపు గడ్డలు ఏరి సంచులకెత్తే చేతులవి, ఉడుంపట్టు. చివరికి నేను పెద్ద రెంచీతో మోచేతి మీద ఒక్కటిచ్చాను. ఎముక టప్పుమంది, చెయ్యి వేలాడిపోయింది. రొమ్ము మీద కాలు పెట్టి లోపలికి తోసి తలుపు బిగించాను.

అద్దం వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

"నొప్పే రత్నం! ఈ డొక్కలోన నొప్పి, సలిజొరం! ఇది సిరిగుంట రోగం కాదే! ఒక్కపాలి డాక్టరమ్మని పిలవండ్రా!"

దిగువూరి గాలిలో హీలియం కలుపుతారు కాబట్టి మా అందరి గొంతులూ పిట్టల గొంతులే. కొత్తగా దిగినవాళ్లు వారం రోజులు ఒకరి మాటకు ఒకరు పడీపడీ నవ్వుతారు. చచ్చేముందు కూడా అదే గొంతు. ఈరోజు ఎవరూ నవ్వలేదు.

సిరిగుంట కూడా మాలాగే సముద్రం అడుగున కట్టిన ఊరు. అక్కడ మంచినీళ్ల తొట్టిలో కామెర్ల రోగం కలిసి ఊరు ఊరంతా పోయింది. బతికి బయటపడ్డ పిల్లల్లో నేనొకదాన్ని. చంకలో నా తమ్ముడు కొర్లయ్య. అమ్మా నాన్నా పచ్చబడి, నిద్రలోకి జారి, మళ్లీ లేవలేదు. అప్పటినుంచి అన్ని దిగువూళ్లకీ ఒకటే చట్టం. కళ్లు పచ్చబడ్డ మనిషి ఉన్నంతకాలం పైవాళ్లు గంట దించరు. ఆ ఇనప గంటలోనే మాకు తిండి దిగాలి, గాలి దిగాలి, మందులు దిగాలి. అందుకని పచ్చ మనిషిని తడిగదిలో పెట్టి నీళ్లు వదిలేస్తాం. పచ్చ కళ్లంటే నాకు జాలి రాదు, భయమేస్తుంది. ఈరోజూ భయమే వేసింది.

పనికి వెళ్లేవాళ్లు సూట్లు తొడుక్కుని తడిగది లోపలి కొళాయి వాళ్లే తిప్పుకుంటారు. శిక్షకు మాత్రం బయట వేరే చక్రం ఉంది. దానికి ఆరు పిడులు. ఆరుగురు కలిసి లాగితే తప్ప కదలదు. ఏ ఒక్కడూ హంతకుడు కాకూడదని ఊరు కట్టినప్పుడే పెట్టిన ఏర్పాటు. ఈరోజు పిడులు పట్టింది మేస్త్రీ తాతారావు, బైరాగి ముఠాలోని నలుగురు, ఆరోవాడు నా తమ్ముడు కొర్లయ్య. బైరాగికి నీళ్లలో జతగాడు వాడే. అయినా లాగాడు.

నీళ్లు బైరాగి గడ్డం దాటేదాకా చూశాను. చూడటం నా పని.

అతని పెళ్లాం పోలమ్మను ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్నారు. విదిలించుకుని వచ్చి నా ముంజెయ్యి కొరికింది. కండ ఊడింది. డాక్టర్ తబస్సుం కుట్లు వేస్తుంటే అడిగాను, ఒకసారి చూడాల్సింది కాదా అని.

"ఏం చూడమంటారు? కడుపులో రాయి అడ్డుపడినా కళ్లు పచ్చబడతాయి, నిజమే. కానీ ఇక్కడ ఎవరికీ రాళ్లు పెరిగే ఆ పైత్యపు తిత్తి, చేదుకట్టే లేదు కదా. తిత్తి లేనివాడికి రాయి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇక మిగిలింది సిరిగుంట రోగమే."

మాటలో తప్పేమీ కనిపించలేదు. దిగువూరికి వచ్చే ప్రతి మనిషికీ పైనే చేదుకట్టూ, పేగుకు తోకలా వేలాడే ఉండుకమూ తీసి పంపుతారు. ఇక్కణ్ణుంచి పైకి వెళ్లాలంటే నీటి ఒత్తిడి కొంచెం కొంచెంగా వదిలించుకుంటూ వారం పైగా గంటలో కూర్చోవాలి. ఈలోపు కడుపులో ఏది పగిలినా మనిషి దక్కడు. అందుకని చేప కడిగినప్పుడు చేదు తీసేసినట్టు ముందే తీసేస్తారు. కడుపు కోయరు, నాలుగు చిన్న కన్నాలు పెట్టి యంత్రం చేస్తుంది. తెగిన గొట్టాల మూతులకు బియ్యపుగింజంత లోహపు క్లిప్పులు బిగిస్తుంది. ఆ నాలుగు మచ్చలు చూపిస్తేనే ఈ తలుపు తీస్తాను. చేదు తీయించుకున్న రోజున ఇంట్లో చేపల పులుసుతో బంతిభోజనం పెట్టడం మావాళ్లకు ఆనవాయితీ.

బైరాగిని బయట గొలుసుకు కట్టేశారు. అడుగున నీళ్లు చల్లన. గంట వచ్చేదాకా శవాలు అలాగే ఉంటాయి.

తలుపు నమోదు 612
తెరిచిన కారణం: ముఠా పనికి వెళ్లడానికి, రావడానికి

సున్నం డబ్బాలు మార్చాను. మనం వదిలిన చెడుగాలిని పీల్చేది ఆ సున్నమే. ఇంకా కొన్ని డబ్బాలే మిగిలాయి, గంట త్వరగా దిగాలి. సూట్ల చంకల్లో బూజు గీకాను. ఇవి ఎప్పుడూ ఉండే పనులే.

తాతారావు ఇప్పుడు తిండి దగ్గర టార్చిలైటు పట్టుకుని కూర్చుంటున్నాడు. కింద రెప్ప లాగి చూసి, అప్పుడు గిన్నె అందిస్తాడు. మేస్త్రీగా మంచివాడే. భయం పట్టుకుంది అంతే. భయపడ్డ మంచివాడితో వేగడం కష్టం.

ఈరోజు వంటింట్లో పనిచేసే గున్నమ్మ స్నానం చేసి ముఖానికి పసుపు రాసుకుని వచ్చింది. పాపం, శుక్రవారమని గుర్తు పెట్టుకుని మరీ రాసుకుంది. "పచ్చ! పచ్చ!" అని ఒకడు కేకేశాడు. అంతే, పదిమంది మీదపడ్డారు. నేను వెళ్లేసరికి గరిటెలతో, బూట్లతో, చేతికి దొరికిన దానితో కొడుతున్నారు. ఒకడు ఆమె జుట్టు పట్టుకుని తల నేలకేసి బాదుతున్నాడు. వాడి పళ్లు రెండు రాల్చాను. రెండోవాడి చెవి మెలితిప్పి గోడకు కొట్టాను. తడిగుడ్డతో గున్నమ్మ ముఖం తుడిచి అందరికీ చూపించాను. కింద మామూలు చామనఛాయే ఉంది. ఒక కన్ను మాత్రం మూసుకుపోయింది, తెరుచుకుంటుందో లేదో తెలియదని డాక్టరమ్మ అంది.

"ఏటి సెయ్యమంటావు రత్నం, తప్పయిపోనాది," అన్నాడు తాతారావు. "ఇకమీదట ఊర్లో పసుపు ఒద్దు. పప్పులో కూడా ఎయ్యొద్దు."

సాయంత్రం పప్పు తెల్లగా వచ్చింది. ఎవడికీ సహించలేదు.

మొగుడి చోటులో ముఠా పనికి ఇప్పుడు పోలమ్మ వెళ్తోంది. అది కూడా ఇక్కడి పద్ధతే. గడ్డలు లాగే కొక్కేన్ని తలుపు పక్కనే కూర్చుని నూరుతుంది. నా వైపు చూస్తూ నూరుతుంది. ఏమీ అనలేను. కుట్ల దగ్గర సలుపుతోంది.

కొర్లయ్య రెండు పూటలుగా తినడం లేదు. ఒంటినిండా గోళ్లతో గీరుకున్న గీతలు. ఉప్పునీళ్ల దురదేమో అనుకుని కొబ్బరినూనె రాయబోతే తోసేశాడు. బైరాగి మీద బెంగ అనుకుంటున్నాను. పెంచినదాన్ని నేనే కాబట్టి వాడి బెంగ నాకు తెలుస్తుంది.

తలుపు నమోదు 613
తెరిచిన కారణం: తెరవలేదు. అయినా రాస్తున్నాను

బెంగ కాదు.

సూట్ల గదిలో మూటలా ముడుచుకుని వణుకుతున్నాడు. ఒళ్లు పెనంలా కాలుతోంది. ముఖం దీపం వైపు తిప్పి రెప్ప లాగాను. పచ్చ.

చెంప మీద రెండు కొట్టాను. ఏం చేస్తున్నానో తెలియక కొట్టాను. తర్వాత తలుపుకు గడియ పెట్టాను.

"ఎన్నాల్ల నించిరా?"

"బైరాగన్నకంటే ముందు నించేనప్పా. అన్నం తిన్నాక ఇక్కడ పొడుస్తాది. సలొస్తాది, పోతాది, మల్లీ ఒస్తాది. ఒకపాలి కళ్లు పచ్చబడి, ఆటంతటవే తగ్గిపోనాయి."

"మరాడి మీద పిడెలా పట్టుకున్నావురా?"

"పట్టుకోకపోతే నా కళ్లు సూస్తారని."

మళ్లీ కొట్టాలనిపించింది. చెయ్యి లేవలేదు. వాడు నా ఒళ్లో తలపెట్టి ఏడ్చాడు. ముప్పై ఏళ్ల మనిషి. నాకు అప్పుడు గుర్తొచ్చింది, సిరిగుంటలో నాన్న ఒక్కసారి కూడా నొప్పి అనలేదు. అమ్మా అనలేదు. నీరసం నీరసం అంటూనే పోయారు. నొప్పని అరిచింది బైరాగి. వీడిదీ అదే చోటు, అదే నొప్పి.

పచ్చబడ్డవాడెవడైనా చాటుగా వస్తాడేమోనని డాక్టరమ్మ గది ముందు తాతారావు మనిషి కాపలా ఉన్నాడు. పలకరిస్తున్నట్టు దగ్గరకు వెళ్లి రెంచీతో మెడ మీద కొట్టాను. పడిపోయాడు. కాలితో పక్కకు దొర్లించి లోపలికి వెళ్లి తబస్సుం గొంతు మీద చేపల కత్తి పెట్టాను.

"కత్తి తీయండి రత్నంగారూ. వస్తాను. అది అక్కడుంటే నా చేతులు వణుకుతాయి, అప్పుడు నేను వచ్చీ ఉపయోగం లేదు."

తీశాను. పెట్టె సర్దుకుని వచ్చింది. కొర్లయ్య కడుపు నొక్కి చూసింది, చిన్న ఎక్స్‌రే యంత్రంతో బొమ్మ తీసింది. బొమ్మను నా ముందుకు తిప్పింది.

"నొప్పి, చలిజ్వరం, పచ్చ. ఈ మూడూ కలిసి వస్తే కాలేయంనుంచి పేగుకు వెళ్లే దారి మూసుకుపోయిందని అర్థం. చదువుకున్న మొదటి ఏడే నేర్పుతారు. చేదుకట్టు లేదు కదా అని నేను ఆ ఆలోచనే మానేశాను." ఆమె గొంతు పిట్టగొంతే అయినా ఏడుపు తెలుస్తోంది. "ఇదిగో చూడండి. క్లిప్పులన్నీ ఒకచోట ఉన్నాయి. ఒక్కటి మాత్రం కిందికి జారింది. ఎక్కడో వేలల్లో ఒకరికి ఇలా జరుగుతుంది. క్లిప్పు మెల్లగా గోడను తొలుచుకుని పైత్యం పారే గొట్టంలోకి దిగిపోతుంది. దాని చుట్టూ రాయి కడుతుంది. తిత్తి లేకపోయినా రాయి."

"అయితే తీసీ."

"గొట్టం లోపల ఉందో, బయట ఊరికే జారిందో బొమ్మలో తెలియదు. తెలియకుండా గాటు పెడితే రక్తం ఆగక చచ్చిపోతాడు. కచ్చితంగా తెలియాలంటే ఒకటే దారి ఉంది." తలుపు వైపు చూసింది. "ఇద్దరికీ పైన ఒకే యంత్రం చేసింది, ఒకే వారంలో. బైరాగిని లోపలికి తేగలరా?"

తలుపు నమోదు 614
తెరిచిన కారణం: శవాన్ని లోపలికి తేవడానికి

ఒక్కదాన్నే సూటు తొడుక్కుని బయటికి వెళ్లాను. దీపం వెలుగులో బైరాగి గొలుసు చివర నిలబడే ఉన్నాడు. విరిగిన చెయ్యి నీళ్లకు అటూ ఇటూ ఊగుతోంది. నడుముకు తాడు వేసి లాక్కొచ్చాను. బతికున్నప్పుడు నలుగురికి లొంగనివాడు ఇప్పుడు నా ఒక్కదాని వెంట వచ్చాడు. ముఖం చూడకుండా ఉండటానికి వెనక్కి నడిచాను.

తడిగది నీళ్లు తోడేశాక డాక్టరమ్మా కొర్లయ్యా లోపలికి వచ్చారు. లోపలినుంచి గడియ పెడితే పగలగొట్టడానికి వీల్లేని గది ఊళ్లో ఇదొక్కటే. ఇక్కడే చంపుతాం కాబట్టి ఇక్కడెవరూ వెతకరని కూడా అనుకున్నాను.

తబస్సుం నేల మీదే కోసింది. కొర్లయ్య గోడ వైపు తిరిగి చెవులు మూసుకున్నాడు. నేను దీపం పట్టుకున్నాను. కాలేయం కిందనుంచి వేలు లావున ఉబ్బిన గొట్టాన్ని పైకి తీసి నిలువుగా చీల్చింది. చీము, ఆకుపచ్చ పైత్యం, వాటి మధ్యన చింతగింజంత నల్లటి రాయి. దాన్ని పటకారుతో నొక్కితే రెండు చెక్కలైంది. నడుమ క్లిప్పు తళతళలాడుతూ ఉంది.

దీపం కింద పెట్టేశాను. బైరాగి పక్కనే కూలబడ్డాను. అంటురోగం లేదు, ఏమీ లేదు. నొప్పి అన్నాడు, డాక్టరమ్మని పిలవమన్నాడు. నేను చెయ్యి విరిచాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, ఒళ్లు మండుతోంది కూడా. నా మీద నాకే.

"ఇప్పుడు మీ తమ్ముడిది లోపలే ఉందని నమ్ముతాను. నోట్లోంచి గొట్టం దించి, పేగు మొదట్లో ఆ దారి తెరుచుకునే చోట చిన్న గాటు పెట్టి, తీగబుట్టతో లాగుతాను. మత్తుమందు చుక్క లేదు. మీరు పట్టుకోవాలి."

అప్పటికే బయట కేకలు మొదలయ్యాయి. నేను మెడ మీద కొట్టినవాడు లేచి, డాక్టరమ్మా కొర్లయ్యా కనబడటం లేదని చెప్పినట్టున్నాడు.

తలుపు నమోదు 615
తెరిచిన కారణం: తెరవలేదు. బయటివాళ్లు తెరవబోయారు

మొదట గొడ్డళ్లతో కొట్టారు. తలుపుకు గీత పడలేదు. తర్వాత తాతారావు మాట్లాడే గొట్టం దగ్గరకు వచ్చాడు.

"రత్నం, తమ్ముణ్ని మాకు ఒగ్గీ. డాక్టరమ్మని బయటకి పంపు. నిన్నేటీ సెయ్యం."

బైరాగి కడుపులో దొరికిన రాయిని అద్దానికి ఆనించి చూపించాను. "ఇది సూడు మేస్త్రీ! రోగం కాదు, రాయి! క్లిప్పు సుట్టూ రాయి కట్టింది! బైరాగికి ఏ రోగమూ నేదు!"

అద్దం అవతల ముఖాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. వాళ్లు నమ్మారని నాకు తెలిసింది. నమ్మినందుకే తాతారావు ముఖం ఎర్రగా కందిపోయింది.

"అబద్దం! రోగం నేదంటే, మనం... రోగం ఉన్నాది! పిడులు పట్టండ్రా! ముగ్గురూ పోవాలి, నేపోతే గంట రాదు, మన పిల్లలు సచ్చిపోతారు!"

రోగం లేదంటే ఆరుగురూ ఊరికే ఒక మనిషిని చంపినట్టు. ఆ ఆరుగురిలో వాడొకడు. ఆ మాట ఒప్పుకోవడం కంటే ఇంకో ముగ్గుర్ని చంపడం వాడికి సులువనిపించింది. నేను వాణ్ని పెద్దగా తిట్టలేను.

ముఠావాళ్లు నలుగురు మళ్లీ పిడులు పట్టారు. తాతారావు ఐదోవాడు. ఆరో మనిషి దొరకలేదు. కొందరు వెనక్కి జరిగారు, కొందరు పిల్లల్ని ఎత్తుకుని వెళ్లిపోయారు. అప్పుడు తాతారావు పోలమ్మను పిలిచాడు.

"నీ మొగుణ్ని తోసినది లోపలున్నాది. ఆరో పిడి నీదే. పట్టు."

పోలమ్మ కొక్కెం చేత్తోనే వచ్చింది. అద్దంలోంచి లోపలికి చూసింది. నేల మీద మొగుడు, తెరిచిన కడుపుతో. చూసి అరవలేదు. గొట్టం దగ్గర నోరు పెట్టింది.

"ఆడు నొప్పని సెప్పినాడు."

"సెప్పినాడు."

"నువ్విన్నావు."

"ఇన్నాను."

"ఇని తోసినావు."

"ఇని, సెయ్యి ఇరిచి తోసినాను," అన్నాను. నా వెనక కొర్లయ్య పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. నాకు అప్పుడు చావంటే భయం లేదు. వాడు బతకాలి, అదొక్కటే. "పోలమ్మా, నన్ను తరవాత ఏటైనా సెయ్యి. ఈ ఒక్క పనీ అవ్వనీ. నీ మొగుడికి అవ్వనేనిది ఈడికి అవ్వనీ."

ఆమె పిడి పట్టుకోలేదు. తాతారావు ఆమె మణికట్టు పట్టుకుని బలవంతంగా పిడి మీద పెట్టబోయాడు. పోలమ్మ కొక్కెం పైకి లేచి కిందికి దిగింది. మెడ పక్కన గుచ్చుకుంది. రెండోసారి, మూడోసారి. రక్తం అద్దమంతా చిమ్మి నాకు బయట ఏమీ కనిపించలేదు. పిట్టల గొంతులతో కేకలు మాత్రం వినిపించాయి, పరుగులు, ఎవరో జారిపడ్డ చప్పుడు.

"రత్నంగారూ, అటు కాదు, ఇటు చూడండి! పట్టుకోండి!" అంది తబస్సుం.

కొర్లయ్య రొమ్ము మీద కూర్చున్నాను. మోకాళ్లతో చేతులు తొక్కిపెట్టాను. డాక్టరమ్మ వాడి పళ్ల మధ్య ఇనప కడియం పెట్టి నల్లటి గొట్టం గొంతులోకి దించింది. వాడు కక్కుకున్నాడు, ఊపిరాడక గింజుకున్నాడు, ఒక చెయ్యి విడిపించుకుని నా ముఖం మీద కొట్టాడు. ముక్కునుంచి రక్తం వాడి మీదే పడింది. వదల్లేదు. చిన్నప్పుడు ఆముదం తాగించడానికి కూడా ఇలాగే కూర్చునేదాన్ని. ఆమె గొట్టం పైచివరి అద్దంలోంచి చూస్తూ, గొణుగుతూ, చెమటలు కారుస్తూ గాటు పెట్టింది. ఒకసారి లాగితే జారిపోయింది. రెండోసారీ జారింది. మూడోసారి తీగబుట్టలో రాయి వచ్చింది, దాని వెనకే చీము ధారగా వచ్చింది.

"అయిపోయింది. లేవండి, ఊపిరి పీల్చుకోనివ్వండి," అంది తబస్సుం. అని అక్కడే కూర్చుని గట్టిగా ఏడ్చింది.

బయట తాతారావు చనిపోయాడు. డాక్టరమ్మ వెళ్లేసరికే ఒంట్లో రక్తం లేదు.

తలుపు నమోదు 616
తెరిచిన కారణం: నన్ను లోపల పెట్టడానికి

కొర్లయ్యకు జ్వరం తగ్గింది. కళ్లలో పచ్చ ఇంకా ఉంది కానీ పలచబడింది. గుడ్డులో తెలుపు అంచుల నుంచి తిరిగొస్తోంది. డాక్టరమ్మ రెండు రాళ్లనూ పైవాళ్లకు బొమ్మ తీసి పంపింది. మొదట నమ్మలేదు. తర్వాత గంట దించుతామన్నారు. ఆ యంత్రం చేదు తీసిన అందర్నీ పిలిపించి చూస్తారట. తెగిన గొట్టం మూతి విడిపోతుందేమోనని ప్రతి మనిషికీ అవసరానికి మించి క్లిప్పులు బిగించిందట అది. జాగ్రత్త ఎక్కువైందన్నమాట.

తాతారావును, బైరాగిని పక్కపక్కనే గొలుసుకు కట్టాం. పోలమ్మను పట్టుకోవాలని ఎవరూ అనలేదు. అనే ధైర్యం ఎవరికుంది?

ఆమే నా దగ్గరకు వచ్చింది. కొక్కెం కడుక్కుని వచ్చింది.

"తరవాత ఏటైనా సెయ్యమన్నావు."

"అన్నాను."

"లోపలికెల్లు."

నేను ఆమె కంటే బలమైనదాన్ని. ఒక్క తోపుతో పడెయ్యగలను. పడెయ్యలేదు. అద్దం వెనక బైరాగి నోరు తెరవడం నిద్రలోనూ కనిపిస్తోంది, ఇక చాలనిపించింది. తడిగదిలోకి నడిచాను. తలుపు ఆమే మూసింది.

బైరాగి మీద పడ్డ చేతులే కావాలని అంది. ముఠావాళ్లు నలుగురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చి పిడులు పట్టారు. బతిమాలించుకోలేదు. ఆ చావంతా నా ఒక్కదాని నెత్తిన పెట్టి కడిగేసుకోవచ్చని వాళ్లకు తట్టి ఉంటుంది. తాతారావు పిడి పోలమ్మ పట్టుకుంది. ఇంకొకటి మిగిలింది. పడక మీద నుంచి కొర్లయ్యను పిలిపించింది.

వాడు గోడ పట్టుకుని వచ్చాడు. అద్దంలోంచి నన్ను చూశాడు. రావద్దని తల ఊపానో, పిడి మీద చెయ్యి వెయ్యొద్దని ఊపానో నాకే తెలియదు. వాడు బతికితే చాలని మొన్న మొక్కుకున్నాను. నిలబడ్డాడు, నడుస్తున్నాడు, బతికున్నాడు. అదే చూసుకుంటూ నిలబడ్డాను. వాడి కళ్లనుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. చెయ్యి తీసి పిడి మీద వేశాడు.

ఆరు చేతులు. చక్రం కిర్రుమంది. పాదాల మీదికి చల్లటి నీళ్లు వచ్చాయి. నాకు అరుపు రాలేదు. తమ్ముడి చెయ్యినే చూస్తున్నాను. వేళ్ల కణుపులు తెల్లబడేంత గట్టిగా పట్టుకున్నాడు.

నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. పోలమ్మ తన చెయ్యి తీసేసింది. చక్రం తనంతట తనే వెనక్కి తిరిగి ఆగిపోయింది. తలుపు తెరిచింది. నీళ్లన్నీ సూట్ల గదిలోకి పారాయి.

"ఆడికీ ఇలాగే ఉండుంటాది," అంది. "ఎల్లు, నీ పని సూసుకో."

వెళ్లిపోయింది.

ముఠావాళ్లు కూడా జారుకున్నారు. నేనూ కొర్లయ్యా మిగిలాం. చీర పిండుకుంటూ అడిగాను.

"ఎందుకేసావురా?"

"ఈ సెయ్యి బైరాగన్న మీద యేసినాను. నీ మీద యెయ్యకుండా ఎలా దాసుకుంటానప్పా?"

తప్పు చేశాడని రాయలేను, సరే అని కూడా రాయలేను.

గంజి కాచి తెచ్చాను. చాలా రోజులకు వాడికి ఆకలేసింది. గిన్నె ముగించి ఇంకా పొయ్యమన్నాడు. పోశాను. వాడు తింటున్నంతసేపూ ఆ చెయ్యి నోటిదాకా వెళ్లడం, గిన్నెలోకి రావడం చూస్తూ కూర్చున్నాను.